పైథాన్ మీద పడిన నింద

కోడింగ్ పోటీలో పైథాన్ ప్రోగ్రాము కాలపరిమితి దాటిపోతే ఆ దోషం భాషదేనని, అదే పరిష్కారాన్ని సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చి రాసుకోవడమే దానికి మందు అని చెప్పే అభిప్రాయం ఇంజనీరింగ్ విద్యార్థులలోనూ, వారిని ప్రాంగణ నియామకాల పరీక్షలకు తయారుచేసే శిక్షకులలోనూ దాదాపు సిద్ధాంతంగా పాతుకుపోయింది. దీనికి తోడబుట్టిన అభిప్రాయం మరొకటి ఉంది. భాషను వదులుకోవడం ఇష్టం లేనివారు వైల్ లూప్‌ను ఫర్ లూప్‌గా మార్చడం, గ్లోబల్ పేర్లను ఫంక్షన్ లోపలికి తేవడం, లిస్టును ఒకే వాక్యంలో నిర్మించడం వంటి చిన్న చిన్న మెరుగులతో గండం గడుస్తుందని నమ్ముతారు. ఈ రెండు వాదాలూ పైకి ఎదురెదురుగా కనిపించినా నిలబడ్డ నేల ఒక్కటే. ప్రోగ్రాము చేస్తున్న పని సరైనదే, దాన్ని చేసే వేగమే చాలడం లేదు అన్నది ఆ నేల. స్ట్రింగుల పోలికకు సంబంధించిన సమస్యలలో ఈ నమ్మకం దాదాపు ప్రతిసారీ తప్పే. అక్కడ జాప్యానికి అసలు కారణం, ప్రోగ్రాము తాను ఇదివరకే కనుక్కున్న సంగతిని పారేసి దాన్నే మళ్లీ మళ్లీ కనుక్కోవడం. ఆ మతిమరుపును ఏ భాషలోకి మార్చి రాసినా అది వెంటే వస్తుంది.

పోటీలలో తరచూ ఎదురయ్యే ఒక సమస్యను తీసుకుంటే ఈ మాట రుజువవుతుంది. స్ట్రింగ్ అంటే ఒక క్రమంలో పేర్చిన అక్షరాల వరుస. ఆ వరుసలో ఏదో ఒక చోటు నుంచి చివరిదాకా ఉన్న భాగాన్ని తోకభాగం అనీ, మొదటి నుంచి ఏదో ఒక చోటుదాకా ఉన్నదాన్ని తలభాగం అనీ అనుకుంటే, సమస్య ఇది: ప్రతి తోకభాగమూ మొత్తం స్ట్రింగుతో మొదటి నుంచి ఎన్ని అక్షరాలదాకా కలుస్తుందో లెక్కించి, ఆ సంఖ్యలన్నిటినీ కూడాలి. "గడగడగమ" అన్న ఆరక్షరాల స్ట్రింగులో మొదటి తోకభాగం స్ట్రింగు తానే కాబట్టి దాని విలువ 6; రెండోది "డ"తో మొదలవుతుంది కాబట్టి 0; మూడోది "గడగమ", మూడక్షరాలదాకా కలిసి నాలుగో దగ్గర తప్పుతుంది కాబట్టి 3; తక్కినవి వరుసగా 0, 1, 0; మొత్తం 10. (ఈ ఉదాహరణలో గుణింతాలూ ఒత్తులూ లేని అక్షరాలనే వాడడానికి కారణం ఉంది. యూనికోడ్‌లో గుణింతపు గుర్తుకు విడి సంకేతం ఉంటుంది కనుక, చూసేవారికి మూడక్షరాలుగా కనిపించే "తెలుగు" అన్న మాట పొడవును పైథాన్ 6 అని చెబుతుంది. తెలుగు పాఠాలపై వెతుకులాట సాధనాలు నిర్మించేవారు ఈ తేడాను మొదటే గుర్తుపెట్టుకోవాలి.)

ఈ సమస్యకు తొలిసారి ప్రయత్నించేవారు రాసే ప్రోగ్రాము సమస్య వాక్యానికి నేరుగా ప్రతిరూపంగా ఉంటుంది: ఒక లూపులో ప్రతి తోకభాగాన్నీ తీసుకోవడం, లోపలి లూపులో దాన్ని మొత్తం స్ట్రింగుతో అక్షరం వెంట అక్షరం పోల్చడం, తేడా రాగానే ఆగడం. అక్షరాలన్నీ వేరువేరుగా ఉన్న స్ట్రింగు ఇస్తే ఇది క్షణంలో ముగుస్తుంది. అందుకే నమూనా పరీక్షలన్నీ నెగ్గి, దాచిన పరీక్షలలో మాత్రం ఓడిపోతుంది. లక్ష "క"లను వరుసగా పేర్చిన స్ట్రింగును ఇచ్చినప్పుడు ఏ పోలికా మధ్యలో ఆగదు. మొదటి తోకభాగానికి లక్ష పోలికలు, రెండోదానికి 99,999, ఇలా చివరిదాకా కూడితే 500 కోట్ల 50 వేల పోలికలు అవుతాయి. దీనికి తోడు, పైథాన్‌లో స్లైస్, అంటే స్ట్రింగులోంచి ఒక భాగాన్ని కోసి తీసే చర్య, ఆ భాగాన్ని కొత్త చోట నకలు చేస్తుంది. ప్రతి తోకభాగాన్నీ స్లైస్ చేసి తీసుకునే ప్రోగ్రాము పోలికలతో పాటు మరో 500 కోట్ల అక్షరాలను మోయడానికి సిద్ధపడుతుంది. ఈ మోత పైథాన్‌కే ప్రత్యేకమైన శాపమని కొందరు చెబుతారు గాని అది నిజం కాదు. సీ ప్లస్ ప్లస్‌లో సబ్‌స్ట్రింగును ఇచ్చే మామూలు ఫంక్షన్ కూడా నకలే తీస్తుంది, దాన్ని తప్పించేందుకే 2017 ప్రమాణంలో నకలు తీయని స్ట్రింగ్ వ్యూ అన్న ప్రత్యేక రకాన్ని చేర్చవలసి వచ్చింది.

ఇప్పుడు భాషను మార్చితే ఏమవుతుందో లెక్క వేయాలి. ప్రతి చిన్న చర్యనూ ఇంటర్‌ప్రెటర్ ఒక్కొక్కటిగా చదివి నడిపించే సీపైథాన్‌లో, అంటే పైథాన్ ప్రామాణిక రూపంలో, ఒక్కో పోలికకు పదుల నానోసెకన్లు పడతాయి, ముందే యంత్రభాషలోకి మారిపోయిన సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములో అదే పని ఒక నానోసెకను స్థాయిలో ముగుస్తుంది. ఈ తేడా నిజమైనదే, చిన్నది కూడా కాదు. కానీ ఒక పోలికకు ఒక నానోసెకను పట్టినా 500 కోట్ల పోలికలకు 5 సెకన్లు కావాలి, రెండు సెకన్ల పరిమితిలో అది కూడా ఓటమే. ప్రాసెసర్ ఒకే దెబ్బకు పదహారో ముప్ఫైరెండో బైట్లను పోల్చే ఆదేశాలను వాడుకుని ఇదే మొరటు పద్ధతి లక్ష అక్షరాల పరీక్షను దాటిన సందర్భాలు లేకపోలేదని ఎదురు చెప్పవచ్చు. అలాంటి విజయం పరీక్ష పెట్టినవారు పొడవును లక్షకే ఆపారన్న అదృష్టం మీద ఆధారపడినది. పొడవు పది లక్షలకు పెరిగితే పని పది రెట్లు కాక వంద రెట్లు పెరిగి 50,000 కోట్ల పోలికలు దాటుతుంది, అప్పుడు ముప్ఫైరెండు బైట్ల వెసులుబాటు కూడా ఎందుకూ కొరగాదు. రెండో వాదానిదీ ఇదే గతి. ఫంక్షన్ లోపలి పేర్లను సీపైథాన్ వరుస సంఖ్యతో నేరుగా అందుకుంటుంది, గ్లోబల్ పేర్లను నిఘంటువులో వెతుకుతుంది కనుక కోడును ఫంక్షన్‌లో పెట్టడం వల్ల కొంత లాభం ఉన్న మాట వాస్తవం. 2022లో వచ్చిన 3.11 సంచిక కూడా అంతకుముందు సంచిక కంటే సగటున 1.25 రెట్లు వేగమైనదని ప్రామాణిక కొలతలు తేల్చాయి. ఇవన్నీ కలిసి ప్రోగ్రామును రెట్టింపు వేగంతో నడిపించాయనే అనుకున్నా, 500 కోట్ల పోలికల భారం 250 కోట్ల పోలికలంత అవుతుంది, అంతే.

అసలు ప్రశ్న వేరే చోట ఉంది. "గడగడగమ"లో మూడో అక్షరం దగ్గర మొదలైన పోలిక, మూడు నుంచి ఐదు వరకూ ఉన్న అక్షరాలు ఒకటి నుంచి మూడు వరకూ ఉన్నవాటికి అచ్చమైన నకలు అని అప్పటికే రుజువు చేసింది. అంటే నాలుగో అక్షరం రెండోదానికి, ఐదోది మూడోదానికి జంట. రెండో అక్షరం దగ్గర మొదలయ్యే తోకభాగం మొత్తం స్ట్రింగుతో ఒక్క అక్షరం కూడా కలవదని ఇదివరకే తేలింది కనుక, నాలుగో చోటు విలువ 0 అని ఏమీ పోల్చకుండానే చెప్పవచ్చు. ఐదో చోటుకు జంట అయిన మూడో చోటు విలువ 3, అయితే నకలు అని రుజువైన కిటికీలో ఐదో చోటు నుంచి మిగిలింది ఒకే అక్షరం కనుక ఆ 3లో 1కి మాత్రమే పూచీ ఉంది. కిటికీ అవతల ఉన్నదాన్ని కొత్తగా చూడాలి, చూస్తే అక్కడున్న "మ" రెండో అక్షరమైన "డ"తో కలవదు, కాబట్టి విలువ 1. ఆరో చోటు కిటికీ బయటిది కనుక దానికి మొదటి నుంచి పోల్చడం తప్పదు, అది వెంటనే 0 అని తేలుతుంది. మొరటు ప్రోగ్రాము నాలుగో చోటు దగ్గరా ఐదో చోటు దగ్గరా చేసేది, తన చేతిలోనే ఉన్న జవాబును కింద పడేసి మళ్లీ వెతుక్కోవడం. ఈ జ్ఞాపకాన్ని క్రమంగా నిలుపుకునే పద్ధతికి జెడ్ అల్గారిథమ్ అని పేరు. మెయిన్, లోరెంజ్ అనే ఇద్దరు 1984లో పునరావృత భాగాలను వెతకడంపై ప్రచురించిన పనిలో దీని మూలం ఉంది, డాన్ గస్‌ఫీల్డ్ 1997లో స్ట్రింగ్ అల్గారిథమ్‌లపై రాసిన గ్రంథం దాన్ని పాఠ్యక్రమంలోకి తెచ్చింది.

ఈ పద్ధతి వేగాన్ని ఎవరూ గడియారంతో కొలిచి నమ్మవలసిన పని లేదు, వాదనతోనే తేల్చవచ్చు. కిటికీ కుడి అంచు ముందుకే జరుగుతుంది, ఎన్నడూ వెనక్కి రాదు. కలిసిన ప్రతి పోలికా ఆ అంచును ఒక అక్షరం ముందుకు నెడుతుంది, కలవని పోలిక ఒక్కో చోటుకు ఒకటి కంటే ఎక్కువ జరగదు. అందువల్ల స్ట్రింగు ఎలాంటిదైనా మొత్తం పోలికలు దాని పొడవుకు రెట్టింపును మించవు. లక్ష అక్షరాలకు 500 కోట్ల పోలికల స్థానంలో గరిష్ఠంగా 2 లక్షల పోలికలు సరిపోతాయి. సీ ప్లస్ ప్లస్ పైథాన్ కంటే 50 రెట్లు వేగమైనదనే అంచనాను ప్రత్యర్థికి అప్పనంగా ఇచ్చి లెక్క వేసినా, అన్నీ ఒకే అక్షరమైన స్ట్రింగు మీద సీ ప్లస్ ప్లస్‌లోని మొరటు పద్ధతీ పైథాన్‌లోని జెడ్ పద్ధతీ సమానమయ్యే పొడవు సుమారు 200 అక్షరాలు మాత్రమే, ఎందుకంటే ఆ పొడవుకు ఒకవైపు 20,100 పోలికలు, మరోవైపు 400 పోలికలకు 50 రెట్ల బరువు, అంటే 20,000. పోటీలలో ఇచ్చే పొడవులు లక్షల్లో ఉంటాయి. భాషల మధ్య తేడా ఒక స్థిర సంఖ్య, పద్ధతుల మధ్య తేడా పొడవుతో పాటు పెరిగే సంఖ్య. ఈ రెంటినీ ఒకే త్రాసులో వేసి మొదటిదే బరువని చెప్పడం అంకగణితానికే విరుద్ధం.

ఇటువంటి పద్ధతులు మందకొడి యంత్రాల కాలానికి చెందిన పాత సరుకని, నేటి ప్రాసెసర్ల ముందు వాటి అవసరం లేదని మరో మాట వినిపిస్తుంది. చరిత్ర అందుకు భిన్నంగా ఉంది. జేమ్స్ మోరిస్ 1969లో బర్క్‌లీలో సీడీసీ 6400 కంప్యూటర్ కోసం ఒక టెక్స్ట్ ఎడిటర్ రాస్తూ, వెతుకుతున్న మాట మధ్యలో తప్పినప్పుడల్లా చదివిన పాఠంలో వెనక్కి పోవలసి రావడాన్ని తప్పించాలనుకున్నాడు. చదివేసిన అక్షరాల గురించిన సమాచారం, కలిసినంత మేర, వెతుకుతున్న మాటలోనే ఉంది కనుక మళ్లీ చదవడం అనవసరమన్నది అతని గ్రహింపు. డొనాల్డ్ క్నూత్ అదే చోటికి పూర్తిగా మరో దారిన వచ్చాడు. ఒక రకం అమూర్త యంత్రాల గురించి స్టీఫెన్ కుక్ 1970లో నిరూపించిన సిద్ధాంతం ప్రకారం అటువంటి పద్ధతి ఉండి తీరాలి కనుక, ఆ రుజువును అడుగడుగునా విప్పి చూసి దాన్ని వెలికి తీశాడు. వాన్ ప్రాట్‌తో కలిసి ముగ్గురి పేరిట 1977లో వెలువడిన ఆ పద్ధతిని నేటి విద్యార్థులు కేఎంపీ అన్న పొడి అక్షరాలతో బట్టీ పడుతున్నారు. ఒక రుజువు లోపలి నిర్మాణం నుంచి పుట్టగలిగిన పద్ధతిని యంత్రాల వేగానికి చేసిన సర్దుబాటుగా వర్ణించడం దాని స్వభావాన్నే తారుమారు చేయడం అవుతుంది. మోరిస్ రాసిన భాగం అర్థం కాక, ఆ ఎడిటర్‌పై పనిచేసిన ఇతరులు కొన్ని నెలల్లోనే దాన్ని అనవసరపు దిద్దుబాట్లతో చెడగొట్టారన్న సంగతి ఆ 1977 పత్రంలోనే నమోదై ఉంది. అర్థం చేసుకోకుండా కోడుకు మెరుగులు దిద్దే అలవాటు ఎంత పాతదో దీన్ని బట్టి తెలుస్తుంది.

పైథాన్‌లో ముందే ఉన్న వెతుకులాట ఫంక్షన్లు సీ భాషలో రాసినవి కనుక అల్గారిథమ్‌ల చదువే అక్కర్లేదనే వారి వాదంలో సగం నిజం ఉంది. ఒక మాట ఒక పాఠంలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఆ ఫంక్షన్లను మించినది లేదు, అక్కడ సొంతంగా కేఎంపీ రాయడం వృథా శ్రమ. అయితే ఆ ఫంక్షన్ల వేగం కూడా అల్గారిథమ్ నుంచి వచ్చినదే. 2021లో వచ్చిన 3.10 సంచిక దాకా అవి కొన్ని ఇబ్బందికరమైన స్ట్రింగుల మీద రెండు పొడవుల గుణకారమంత పని చేసేవి. ఆ సంచికలో పొడవైన మాటలకు, క్రోషెమోర్, పెరిన్ 1991లో ప్రచురించిన టూ-వే పద్ధతిని చేర్చాకే ఆ గండం తొలగింది. అంతకుముందూ ఆ తర్వాతా అమలు భాష సీయే. పైగా సిద్ధంగా ఉన్న ఫంక్షన్ తన ప్రశ్నకే జవాబిస్తుంది గాని పోటీలో అడిగిన ప్రశ్నకు కాదు. "కకకక"లో "కక" ఎన్నిసార్లు ఉందని కౌంట్ ఫంక్షన్‌ను అడిగితే 2 అంటుంది, ఒకదానిపై ఒకటి పడే చోట్లను కూడా లెక్కించమన్న సమస్యకు జవాబు 3. ఇలాంటి చోట వచ్చిన తప్పు జవాబును కూడా భాష ఖాతాలో రాయడం జరుగుతూనే ఉంది.

స్ట్రింగు భాగాలకు సంఖ్యా ముద్రలు వేసి పోల్చే పద్ధతిలో, అంటే హాషింగ్‌లో, భాషలను గురించిన ప్రచారం పూర్తిగా తలకిందులవుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో 64 బిట్లు నిండగానే పైబిట్లు వాటంతట అవే రాలిపోవడాన్ని ఆసరా చేసుకుని చాలామంది ముద్రను 2 యొక్క 64వ ఘాతం మీద శేషంగా లెక్కిస్తారు. బేసి సంఖ్యల్లో దేన్ని ఆధారంగా ఎంచుకున్నా సరే, థూ-మోర్స్ అనే క్రమంలో అల్లిన 1024 అక్షరాల స్ట్రింగుకూ దానిలోని రెండు రకాల అక్షరాలను అంతటా ఒకదాని చోట మరొకటిగా మార్చినదానికీ ఆ పద్ధతిలో ఒకే ముద్ర పడుతుంది, కాబట్టి ప్రశ్నపత్రం తయారుచేసేవారు అలాంటి పరీక్షను ముందే పెడతారు. 2 యొక్క 61వ ఘాతం నుంచి 1 తీసివేయగా వచ్చే ప్రధాన సంఖ్యను వాడితే ఈ ఆపద ఉండదు గాని, అందులో రెండు 61 బిట్ల సంఖ్యల లబ్ధం 64 బిట్లలో పట్టదు కనుక సీ ప్లస్ ప్లస్‌లో 128 బిట్ల ఏర్పాటు చేసుకోవాలి. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకు పరిమాణ పరిమితి లేదు కనుక ఆ గుణకారం మామూలు వాక్యమే. ముద్రలతో పాటు ద్విభాజిత శోధన, అంటే హద్దును ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతకడం, కలిపితే మన సమస్యలో ఒక్కో తోకభాగానికి 17 ప్రయత్నాలు చాలు, లక్ష అక్షరాలకు 17 లక్షలు. జెడ్ పద్ధతి తెలియని విద్యార్థి కూడా ఈ దారిన పరిమితిలోపే గట్టెక్కవచ్చు.

ప్రత్యర్థి పక్షానికి ఉన్న అత్యంత బలమైన ఉదాహరణను వదిలేసి వాదన నెగ్గామనుకోవడం న్యాయం కాదు. రెండు స్ట్రింగుల గరిష్ఠ సామాన్య ఉపక్రమం, అంటే రెంటిలోనూ అదే వరుసలో, మధ్య మధ్య ఖాళీలు వదిలినా సరే, కనిపించే అక్షరాల అతి పొడవైన క్రమాన్ని కనుక్కోవడం అలాంటిది. చెరో 5,000 అక్షరాలకు పట్టిక నింపాలంటే 2.5 కోట్ల గళ్లు, పైథాన్ లూపులో దానికి కొన్ని సెకన్లు పడతాయి, సీ ప్లస్ ప్లస్‌లో అది సెకనులో చిన్న భాగం. మౌలికంగా ఇంతకంటే తక్కువ దశల పద్ధతి ఏదీ తెలియదు, అలాంటిది ఉండకపోవచ్చని నమ్మేందుకు సైద్ధాంతిక కారణాలు కూడా ఉన్నాయి. ఇక్కడ స్థిర సంఖ్యే తీర్పు చెబుతున్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ పట్టిక వరుసలో పక్కపక్క గళ్ల మధ్య తేడా 0 గాని 1 గాని మాత్రమే కనుక గడికి ఒక్క బిట్ సరిపోతుంది, అప్పుడు 5,000 గళ్ల వరుస మొత్తం ఒకే ఒక్క 5,000 బిట్ల పూర్ణసంఖ్యలో ఇముడుతుంది. ఒక వరుస నుంచి తర్వాతి వరుసను ఒక కూడికతోనూ కొన్ని తార్కిక చర్యలతోనూ రాబట్టవచ్చు, లూపు గడిగడికీ చేసిన పనిని కూడికలో పక్కకు పాకే "చేతిలో ఒకటి" తానే చేసిపెడుతుంది. అలిసన్, డిక్స్ 1986లో ప్రచురించిన ఈ ఆలోచనకు సీ ప్లస్ ప్లస్‌లో సంఖ్యను 64 బిట్ల ముక్కలుగా కోసి, ముక్క నుంచి ముక్కకు ఆ ఒకటిని జాగ్రత్తగా మోసుకుపోవాలి. పైథాన్‌లో అదంతా కూడిక గుర్తు వెనుక ముందే జరిగిపోతుంది, మొత్తం 5,000 వరుసలూ సెకనులో చిన్న భాగంలో ముగుస్తాయి.

పైథాన్ నిజంగా ఓడిపోయే చోట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. పది లక్షల అక్షరాల స్ట్రింగులోని ఉపభాగాలన్నిటినీ ఇముడ్చుకునే సఫిక్స్ ఆటోమాటన్ వంటి నిర్మాణంలో స్థితుల సంఖ్య పొడవుకు దాదాపు రెట్టింపు దాకా పోవచ్చు, ప్రతి స్థితికీ ఒక్కో నిఘంటువు పెట్టే పైథాన్ ప్రోగ్రాము పద్ధతి సరైనదే అయినా మెమరీ పరిమితినే దాటిపోతుంది. అక్కడ వ్యయం పద్ధతిది కాక ఒక్కో వస్తువుకు భాష చెల్లించే సుంకానిది. ఆ సమస్యకు సీ ప్లస్ ప్లస్‌నో, తరచూ నడిచే లూపులను నడుస్తుండగానే యంత్రభాషలోకి మార్చే పైపై (PyPy) అన్న పైథాన్ రూపాన్నో ఎంచుకోవడం సరైన నిర్ణయమే. కొన్ని పోటీ వేదికలు భాషను బట్టి కాలపరిమితిని పెంచుతున్నది కూడా ఈ సుంకాన్ని ఉద్దేశించే గాని, 500 కోట్ల పోలికలను మన్నించడానికి కాదు. ఏ ప్రోగ్రాము ఈ రెంటిలో ఏ కోవకు చెందుతుందో తేల్చడం కూడా కష్టమేమీ కాదు. అన్నీ ఒకే అక్షరమైన స్ట్రింగును 10,000 పొడవుతో ఒకసారి, 20,000 పొడవుతో మరొకసారి ఇచ్చి పట్టిన కాలాన్ని చూడాలి. కాలం రెట్టింపైతే అప్పుడు భాష గురించి మాట్లాడవచ్చు. నాలుగు రెట్లైతే ఆ ప్రోగ్రాము ఏ పోలికలను రెండోసారి చేస్తున్నదో కాగితం మీద "గడగడగమ"తో మొదలుపెట్టి వెతకాలి.